ఇరవై రెండు పేర్ల జాబితా

పెద్దల సభలో ఎవరు ఎప్పుడు లేవాలో, ఎంతసేపు మాట్లాడాలో నిర్ణయించేది అధ్యక్షులవారని బయటివాళ్ళు అనుకుంటారు. పాపం, అధ్యక్షులవారు కూడా అలాగే అనుకుంటారు. నిజానికి ఆయన ముందున్న కాగితం మీద ఏముంటే అదే చదువుతారు. ఆ కాగితం తయారుచేసేది మెట్ల కింద గదిలో కూర్చునే ఒక గుమాస్తా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే గది, అదే బల్ల, అదే పని. ఆఫీసులో ఆయన్ని నిమిషాలాయన అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు.

పని చెప్పుకోవడానికి తేలికే. చర్చకి గంటన్నర దొరికితే, మాట్లాడతామన్నవాళ్ళ పేర్లు రాసుకుని, పార్టీల బలాన్ని బట్టి ఆ గంటన్నరని ముక్కలు చేసి పంచాలి. ఒకరికి పదకొండు నిమిషాలు, ఒకరికి నాలుగు. నాలుగొచ్చిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి "ఏమయ్యా, నేను తుమ్మి కూర్చోవాలా?" అని తగువు పెట్టుకుంటాడు. పదకొండొచ్చినాయన అయిదు నిమిషాలకే సరుకు అయిపోయి మిగతా ఆరు నిమిషాలూ నీళ్ళు నములుతాడు. ఇద్దరి దగ్గరా నిమిషాలాయనది ఒకటే మొహం. ఎవరి సిఫార్సూ వినడు, ఎవరిచ్చిన కాఫీ తాగడు. "మా ఆయనకి సొంత అభిప్రాయం ఒకటుండేది, దాన్ని రోజూ గేటు దగ్గర గొడుగుతో పాటు అప్పజెప్పి లోపలికెళ్తారు" అని భార్య నలుగురిలోనూ అనేది.

అలాంటి మనిషి ఉద్యోగమంతటిలో ఒకే ఒక్కసారి పక్షపాతం చూపించాడు. ఆ ముచ్చటే ఇది, ముచ్చటగా ఉండదు గానీ.

ఆయనకి ఒక్కగానొక్క అక్క. ఆ అక్కకి ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్ళ కిందట నది దాటుతూ లాంచీ మునిగి ముప్ఫై అయిదుగురు పోతే, అందులో ఆ పిల్లా పోయింది. ఇరవై మూడేళ్ళది. లాంచీ అడుగు దెబ్బతిందనీ, నడపకూడదనీ పది రోజుల ముందే రేవు ఆఫీసు కాగితం ఇచ్చింది. అయినా ఆ పొద్దున జనాన్ని ఎక్కించుకుని బయల్దేరింది. విచారణ వేశారు, నివేదిక వచ్చింది. "ఒక ఉన్నతాధికారి నోటిమాట మీద లాంచీని వదిలినట్లు తెలియవచ్చింది" అని అందులో ఉంది. ఎవరా అధికారి అన్నది లేదు. నివేదికని సభలో బల్ల మీద పెట్టారు, బల్ల మీంచి అలమారలోకి తోశారు. అక్క నాలుగేళ్ళుగా అడుగుతున్నది ఒక్కటే, వదలమన్నది ఎవరని. ఉత్తరాలకి జవాబు లేదు. ఆఫీసులు గుమ్మం బయటినుంచే పంపించేశాయి.

సభలో చర్చ జరిగితే మాత్రం చివర్న మంత్రి లేచి జవాబు చెప్పి తీరాలి. డాక్టరుగా చేసి మానేసిన ఒక ముసలి సభ్యుడు, మొండిఘటం, ఆ నివేదిక మీద చర్చకి తీర్మానం ఇచ్చాడు. ఇలాంటి సొంత తీర్మానాలకి శుక్రవారం మధ్యాహ్నాలే గతి, అవీ పెట్టెలోంచి తీసిన చీటీలో పేరొస్తేనే. మూడేళ్ళు రాని చీటీ, సమావేశాల ఆఖరి శుక్రవారానికి వచ్చింది. రెండో అంశం. గంటన్నర.

సొంతవాళ్ళకి సంబంధించిన వ్యవహారం వస్తే పై అధికారికి చెప్పి, కాగితాలు వేరే గుమాస్తాకి ఇచ్చెయ్యాలని ఆ ఆఫీసులో నియమం. నిమిషాలాయన చెప్పలేదు. వేరేవాళ్ళు సరిగ్గా చూస్తారో లేదోనని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి, నాలుగేళ్ళలో అక్కకి తను చేసిపెట్టింది ఏమీ లేదు. ఇదైనా తన చేత్తో జరగాలని ఆశపడ్డాడు.

ఆయన భయం ఒక్కటే. శుక్రవారం నాలుగు దాటితే సభ్యులు పెట్టెలు పట్టుకుని స్టేషన్ దారి పడతారు. పాతికమంది లేకపోతే గంట కొడతారు, అప్పటికీ రాకపోతే సభ ముగించేస్తారు. అలా గాలికి పోయిన తీర్మానాలు ఆయన కళ్ళముందే బోలెడు. అయితే పేరిచ్చినవాడు తన వంతు వచ్చేదాకా కుర్చీ వదలడు. మంగళవారానికి జాబితాలో ఆరు పేర్లున్నాయి. ఆరుగురిని నమ్ముకుని అక్కని ఎలా రమ్మంటాడు?

ఎప్పుడూ ఎవర్నీ ఏమీ అడగని మనిషి బుధవారం లైబ్రరీకి వెళ్ళాడు, క్యాంటీన్‌కి వెళ్ళాడు, వరండాల్లో సభ్యుల వెనక నడిచాడు. "సార్, శుక్రవారం లాంచీ సంగతి వస్తోంది, తమ పేరు రాసుకోమంటారా?" అన్నాడు. నిమిషాలాయన వచ్చి అడగడమే వింత, అందుకని కాదనలేకపోయారు. కొందరికి ఆ లాంచీ ఏదో కూడా గుర్తులేదు. సాయంత్రానికి పేర్లు ఇరవై రెండయ్యాయి. ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేసి, వచ్చెయ్యమన్నాడు, సందర్శకుల గ్యాలరీకి పాసు రాయిస్తానన్నాడు. ఎన్నాళ్ళకో ఆయన గొంతులో హుషారు విని భార్యే ఆశ్చర్యపోయింది.

గురువారం పొద్దున సభా కార్యక్రమాల కమిటీ కూర్చుంది. వారం వారం జరిగేదే, పది నిమిషాల తతంగం. నిమిషాలాయన తన అధికారి కుర్చీ వెనక ఫైళ్ళతో నిలబడ్డాడు. ప్రభుత్వ పక్షం నాయకుడు జాబితా చేతిలోకి తీసుకుని, వేలు పెట్టి పేర్లు లెక్కపెట్టాడు.

"ఇరవై రెండు మందా! గంటన్నరలో ఇంతమందికి ఎక్కడ సరిపోతుందండీ? పోయినవాళ్ళని మనం ఇలాగేనా గౌరవించుకునేది? వచ్చే సమావేశాల్లో ఒక రోజు రోజంతా ఇద్దాం."

బల్ల చుట్టూ తలలు ఊగాయి. ప్రతిపక్షం వాళ్ళు కూడా, రోజంతా అనేసరికి, బాగుంది బాగుంది అన్నారు.

వచ్చే సమావేశాలకి ముందే, ఇరవై రోజుల్లో, డాక్టరుగారి పదవీకాలం అయిపోతుంది. పెట్టిన సభ్యుడు పోతే ఆయన తీర్మానమూ పోతుంది, అది ఆ సభ నియమం. నిమిషాలాయన వంగి ఆ సంగతి అధికారి చెవిలో చెప్పాడు.

"అడిగితే చెబుదాం" అన్నాడు అధికారి పెదవి కదపకుండా. "నీకెందుకయ్యా అంత ఆత్రం?"

ఆత్రం ఎందుకో చెబితే అక్కడికక్కడే అంతా బయటపడుతుంది. నోరు మూసుకున్నాడు. ఎవరూ అడగలేదు. నాయకుడు జాబితా పక్కన పెట్టి, చక్కగా నవ్వి, తరువాతి కాగితం తీసుకున్నాడు. ఆరు పేర్లే ఉంటే ఆయనకి ఆ మాట అనే వీలే ఉండేది కాదు. వాయిదా వెయ్యడానికి అంత గౌరవమైన సాకుని, వరండాలన్నీ తిరిగి ఏరి తెచ్చి చేతిలో పెట్టింది నిమిషాలాయనే.

మర్నాడు అధ్యక్షులవారు చదవాల్సిన ప్రకటన కూడా ఆయనే రాశాడు. "సభ్యులు అధిక సంఖ్యలో పాల్గొనగోరుతున్నందున" అని మొదలుపెట్టాడు. అక్కకి ఫోన్ చెయ్యాలని మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టేశాడు. పొద్దున్నే చెబుదాం అనుకున్నాడు. పొద్దున ఆవిడ అప్పటికే బస్సులో ఉంది.

గేటు దగ్గర కలిసినప్పుడు అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త కళ్ళజోడుతో ఉంది. "మంత్రి మొహం కనపడేలా ఎటువైపు కూర్చోమంటావురా?" అని అడిగింది. ఎడమవైపని చెప్పి పైన గ్యాలరీలో కూర్చోబెట్టి వచ్చాడు. అంత పిరికితనం తనలో ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

రెండున్నరకి అధ్యక్షులవారు ప్రకటన చదివారు. ఆ గ్రాంథికం ముక్క గబగబా అయిపోయింది. సభ మొదటి అంశంలోకి దిగింది, వీధి దీపాల ఎత్తు మీద చర్చ. డాక్టరుగారు లేచి చెయ్యెత్తారు, మైకు ఇవ్వలేదు, కాసేపు అలాగే నిలబడి కూర్చున్నారు. నిమిషాలాయన కింద బల్ల దగ్గరనుంచి తలెత్తి చూశాడు. అక్క నిటారుగా కూర్చుని వింటోంది. మూడున్నరకీ వింటోంది, నాలుగున్నరకీ వింటోంది. అయిదింటికి సభ ముగిసింది, జనం లేచారు. ఆవిడ లేవలేదు.

పైకి వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మనది ఎప్పుడు మొదలెడతారు?" అంది.

"అవదక్కా. వాయిదా వేశారు. పొద్దున్నే చెప్పాల్సింది, నోరు రాలేదు."

"ఎప్పటికి?"

"వచ్చే సమావేశాలకన్నారు గానీ, అప్పటికి డాక్టరుగారు ఉండరు. ఆయనతో పాటే అదీ పోతుంది. మళ్ళీ ఎవరన్నా ఇవ్వాలి, మళ్ళీ చీటీ రావాలి."

ఆయన దాచలేదు. ఎవరెవరి వెనక తిరిగాడో, పేర్లు ఎందుకు పోగేశాడో, అవి చూసి ఏమన్నారో అన్నీ చెప్పాడు. ఏడవడానికి కూడా ఆవిడ ముందు తనకి హక్కు లేదనిపించింది.

"ఇరవై రెండు మందికీ ఆ లాంచీలో నీ మేనకోడలు పోయిందని చెప్పావా?"

"లేదక్కా. ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులోనూ చెప్పలేదు."

"ఏం?"

"చెబితే ఆ కాగితాలు నా దగ్గర్నుంచి తీసేసి ఇంకొకరికి ఇచ్చేవాళ్ళు."

అక్క కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుని లేచింది.

"ఇచ్చినా బావుండేదిరా" అంది.