ఇస్క్రా వేసిన బేరింగు

రూసె పట్టణంలో ఇనుప పని నేర్చినవాళ్లలో సగం మంది గెంచో మాస్టారి చేత చీవాట్లు తిన్నవాళ్లే. ముప్పయ్యొక్క ఏళ్లు సాంకేతిక పాఠశాలలో లేత్ పని నేర్పి రిటైరయ్యాడాయన. రిటైరైనా నీలం రంగు పని చొక్కా మాత్రం వదల్లేదు. తానుండే బ్లాకులో ఎవరింటి తలుపు కిర్రుమన్నా, కుళాయి కారినా, పిలవకముందే పానా పట్టుకుని వెళ్లేవాడు. పని బాగానే చేసేవాడు. చేస్తూ చేస్తూ, అంతకుముందు దాని మీద చెయ్యి వేసినవాణ్ని నానా మాటలూ అనేవాడు.

ఆయన ఇంట్లో వాషింగ్ మెషిన్ పద్నాలుగేళ్లది. ఆ ఫిబ్రవరిలో బేరింగులు అరిగిపోయి, తిరిగినప్పుడల్లా ఇల్లంతా హోరెత్తిపోయేది. సరిగ్గా అప్పుడే మాస్టారికి నడుము పట్టేసింది. డ్రమ్ము బయటికి లాగడం ఆయనవల్ల అయ్యే పని కాదు. భార్య స్తోయ్నా ఆయన్ని అడక్కుండానే ఇస్క్రాకు ఫోను చేసింది.

ఇస్క్రా కూడా ఆయన శిష్యురాలే. ఇరవై ఏళ్ల కిందట ఆ తరగతిలో ఇరవై ఆరుగురు మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక గ్యారేజీలో వాషింగ్ మెషిన్లు బాగుచేస్తోంది. వచ్చి, ఒక్క పూటలో కొత్త బేరింగులు వేసింది. మాస్టారు మంచం మీది నుంచే "సీలుకు గ్రీజు రాశావా?" అని కేకేశాడు.

"రాశాను మాస్టారూ" అంది ఇస్క్రా.

మే నెల దాకా మెషిన్ ఊపిరి కూడా వినిపించలేదు. ఒక సోమవారం, బట్టలు పిండే సమయంలో మళ్లీ చప్పుడు మొదలైంది. ఈసారి హోరు కాదు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు గలగల.

స్తోయ్నా మళ్లీ కబురు చేసింది. ఇస్క్రా పనిముట్ల సంచి భుజాన వేసుకుని వచ్చేసరికి మాస్టారు కింద గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే బ్లాకు సంఘం అధ్యక్షురాలు పెన్కా, మరో నలుగురు ముసలివాళ్లు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. రెండో అంతస్తులోని మాస్టారి కిటికీలోంచి ఆ గలగల కిందికి వినిపిస్తూనే ఉంది.

"వింటున్నావా నీ పనితనం?" అన్నాడు మాస్టారు.

"ఒక్కసారి పైకి వెళ్లి చూడనివ్వండి. బేరింగైతే ఇలా మోగదు..."

"నాకు పాఠం చెప్తున్నావా? వంకరగా కొట్టి కూర్చోబెట్టావు. ఇది నీ చేతులకు లొంగే పని కాదని ఆనాడే చెప్పాను. పోయి జుట్టు కత్తిరించే పని చూసుకో."

బల్ల మీద ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఇస్క్రా చెవుల దాకా ఎర్రబడింది. ఏదో అనబోయి, సంచి పైకి లాక్కుని వెనక్కి తిరిగింది. ఆ వారంలోనే పెన్కా, నాలుగో అంతస్తువాళ్లూ తమ మెషిన్లు చూడటానికి రావద్దని ఆమెకు చెప్పేశారు.

స్తోయ్నా పది రోజులు దుప్పట్లు స్నానాల తొట్టిలో ఉతికింది. ఒకరోజు ఆమె బజారుకెళ్లినప్పుడు నడుము నయమైన మాస్టారే మెషిన్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాయో లేదో చూశాడు. ఆనాయి. ఖాళీ డ్రమ్మును పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చేత్తో గట్టిగా తిప్పాడు. హోరు లేదు, అడుగున ఎక్కడో టక్కుమంది, అంతే. వెనక రేకు విప్పి, బెల్టు తీసి, చక్రం ఊడదీసి బేరింగు చూశాడు. ఎక్కడా సుత్తి దెబ్బ లేదు, గీత లేదు. తాను తరగతిలో ఎలా చూపించాడో అలాగే ఉంది. ఈమధ్య తాను చేస్తున్న పనికన్నా శుభ్రంగా ఉంది.

మాస్టారు దాన్ని మళ్లీ ఒకసారి వేలితో తడిమి చూశాడు.

అడుగున నీళ్లు కాచే కడ్డీ ఊడదీసి, ఆ సందులోంచి వంచిన తీగ పెట్టి కెలికాడు. మూడు ఇత్తడి మరలు, ఒక చిన్న నట్టు బయటికొచ్చాయి. చూడగానే గుర్తుపట్టాడు. ఏప్రిల్లో నేలమాళిగ తలుపు నుంచి విప్పి చొక్కా జేబులో వేసుకున్నవి. తన జేబులు ఎవరూ ముట్టుకోవద్దని భార్యకు ఆంక్ష పెట్టింది ఆయనే. ఆ చొక్కా జేబులు చూడకుండానే మెషిన్లోకి వెళ్లింది.

అన్నీ బిగించేసరికి స్తోయ్నా వచ్చింది. "ఏమైంది? దొరికిందా?"

"ఏం లేదు. వదులైంది, బిగించాను" అన్నాడు. మరలు ఆయన పిడికిట్లో ఉన్నాయి.

ఆవిడకు అంతే చాలు, ఇస్క్రా సరిగా బిగించలేదని తిట్టిపోస్తూ ఇరుగుపొరుగుకు చెప్పింది. సాయంత్రానికల్లా బ్లాకంతా తెలిసిపోయింది. పెన్కా జున్ను పెట్టి పొరలుగా కాల్చిన వేడివేడి బనిత్సా పళ్లెం పట్టుకొచ్చి, "నీకేం గెంచో, బంగారం లాంటి చేతులు! ఆ పిల్ల చెడగొట్టిందాన్ని నిలబెట్టావు" అంది. మాస్టారు తల పంకించాడు. ఒక ముక్క కొరికి పళ్లెం పక్కకు జరిపాడు. పదకొండు రోజులు అలాగే గడిపాడు. ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చేవాడు. ఇస్క్రా వీధిలోంచి వెళ్లాల్సివస్తే చుట్టు తిరిగి వెళ్లేవాడు.

పన్నెండో రోజు గ్యారేజీకి వెళ్లాడు. ఇస్క్రా ఒక మోటారు విప్పుతోంది. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడింది. మాస్టారు మరలు ఆమె బల్ల మీద పెట్టాడు.

"నా జేబులోవి" అన్నాడు.

"డ్రమ్ము కింద దొరికాయా?"

"నీకు తెలుసా?"

"ఆరోజు కిందనుంచే అర్థమైంది. చెప్పబోయాను, మీరు విన్లేదు." ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుంది. "మొదటి ఏడాదిలో లేత్‌లో ఇనుప ముక్కను బిగించే పట్టు వదులైందని చెబితే, నాకు పని నేర్పుతావా అని బయట నిలబెట్టారు. మధ్యాహ్నం అది ఊడి మా తరగతి స్తాంచో వేలు చితికింది. గుర్తుందా?"

స్తాంచో వేలు గుర్తుంది. ఆ పిల్లను బయట నిలబెట్టింది మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

"తప్పు నాది ఇస్క్రా."

"నాకెందుకండీ చెప్పడం? నాకు తెలిసిందేగా. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి."

ఆ సాయంత్రం బల్ల దగ్గర స్తోయ్నాతో సహా అందరూ ఉన్నారు. మాస్టారు కూర్చోలేదు. నిలబడే చెప్పాడు: మరలు తనవేనని, బేరింగులో ఏ లోపమూ లేదని, తెలిసీ పదకొండు రోజులు నోరు మూసుకున్నానని. పెన్కా గింజలు నమలడం ఆపింది. ఒక ముసలాయన, "పోనీలే గెంచో, ఆ పిల్ల ఏమీ అనుకోదులే" అన్నాడు. స్తోయ్నా మాత్రం పైకి వెళ్లిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. "నాచేత కూడా ఆ పిల్లను తిట్టించావు" అని మూడోనాడు ఒక్క మాట అంది.

పెన్కా మళ్లీ ఇస్క్రాను పిలిచింది. నాలుగో అంతస్తువాళ్లు అప్పటికే వేరే మనిషిని కుదుర్చుకున్నారు. వాళ్ల మనసు మార్చడానికి మాస్టారు రెండుసార్లు మెట్లెక్కి వెళ్లాడు కానీ లాభం లేకపోయింది. ఆ తర్వాత ఎవరైనా పిలిస్తే తప్ప ఆయన ఏ ఇంటికీ వెళ్లలేదు.

జూన్ చివర ఇస్క్రా పెన్కా ఇంటికి పనికి వచ్చినప్పుడు మెట్ల దగ్గర ఎదురుపడింది. మాస్టారు గోడవైపు ఒదిగి దారిచ్చాడు.

"బాగున్నారా మాస్టారూ?" అంది ఆగకుండానే.

బాగున్నానమ్మా అనబోయాడు. అప్పటికే ఆమె మలుపు తిరిగి పైకి వెళ్లిపోయింది.