కెర్కెన్నా వాళ్ళకు పనిచేయని మాత్ర

జలీలా ఫురాతికి కోపం వస్తే అరవదు. పెన్సిల్ చెక్కుతుంది. స్ఫాక్స్ నగరంలో మా ఆసుపత్రి గుండె వార్డు చివర, విరిగిన మంచాలు పడేసే గది పక్కన ఇరవై ఆరేళ్ళుగా కూర్చుని డాక్టర్ల పరిశోధనలకు లెక్కలు కడుతోంది. నేను ఆ వార్డులో నర్సుని. పేరు మబ్రూకా, మాది ఎదురుగా సముద్రంలో ఉన్న కెర్కెన్నా దీవులు. ఆ చలికాలమంతా ఆమె గదిలో నేల నిండా పెన్సిల్ చెక్కులే.

ఆమెకు ఒక పట్టింపు ఉంది. అంకెలు చూడకముందే, రోగుల్ని ఏయే గుంపులుగా విడదీసి చూస్తారో డాక్టర్ చేత రాయించి, కవరులో పెట్టి అతికించి, అతుకు మీద సంతకం చేయించేది. "ఏ చేప కోసమో వల వేసేటప్పుడే చెప్పాలి సార్, ఎత్తాక కాదు" అనేది. వెనకాల అందరూ 'కవర్ల జలీలా' అని నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు.

రెండోసారి గుండెపోటు రాకుండా ఆపే మాత్ర మీద ప్రొఫెసర్ రషాద్ సెల్లామి పరిశోధన చేశారు. పద్దెనిమిది వందల మంది రోగులు, నాలుగేళ్ళు. మాత్ర బాగా పనిచేసింది. వార్డంతా మక్రూద్ మిఠాయి పంచారు. కథ అక్కడితో కంచికి చేరాల్సింది. కానీ ఒక ఫలితానికి ఒక్క వ్యాసమే వస్తుంది, ప్రొఫెసర్‌గారికి ఇంకోటి కావాలి. కవరులో ఆయన రాసినవి రెండే గుంపులు: ఆడా మగా, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. ఇప్పుడు పొగతాగేవాళ్ళు, బట్టతల వాళ్ళు, ఆ ఊరి వాళ్ళు, ఈ ఊరి వాళ్ళు అంటూ నలభై రకాలుగా కోయించారు. నలభయ్యో కోతలో దొరికింది: కెర్కెన్నా వాళ్ళకు మాత్ర పనిచేయలేదట!

"మీ వాళ్ళు మొత్తం అరవై రెండు మంది" అని నాకు జలీలా అక్క చూపించింది. "సగం మందికి మాత్ర ఇచ్చాం, అందులో నలుగురికి మళ్ళీ గుండెపోటు. ఇవ్వని సగంలో ముగ్గురికి. ఒక్క మనిషి తేడా మబ్రూకా! ఆ ఒక్కడు మెట్ల మీద పరిగెత్తకుండా ఉంటే ఈ వ్యాసమే లేదు."

ప్రొఫెసర్‌తోనూ అదే చెప్పింది. ఆయన తాపీగా కాఫీ తాగారు.

"కారణం ఉంది జలీలా. జీవితమంతా ఎండబెట్టిన ఆక్టోపస్ తింటారు వాళ్ళు. రక్తమే వేరు."

"కార్డు నంబరు చివర ఏడున్న వాళ్ళకీ పనిచేయలేదు సార్, నేనూ కోసి చూశాను. మరి వాళ్ళు ఏం తిన్నారంటారు?"

"ఏడుకి కారణం ఎక్కడుంది, వెటకారం కాకపోతే!"

"ఆక్టోపస్ కూడా ఫలితం చూశాకే గుర్తొచ్చింది కదా సార్."

ఆయన నవ్వేశారు. వ్యాసం అచ్చయింది. వారం తిరిగేసరికి మా దీవుల వాళ్ళ కార్డుల మీద ఎర్ర సిరాతో ఒక ముక్క పడటం మొదలైంది: 'కెర్కెన్నా. మాత్ర అక్కర్లేదు.' ఉత్తినే కడుపు పాడు చేసుకోవడం ఎందుకని దయ కూడానూ.

నాకు మండిపోయింది ఇంకొకందుకు. మా ఊరి కాఫీ కొట్టులో మగవాళ్ళు దీనికి మీసాలు మెలేశారు. "చూశావా, నగరంవాళ్ళ మందు మన రక్తానికి ఆనదు!" అని. ఎప్పుడూ మమ్మల్ని ఎగతాళి చేసే స్ఫాక్స్ వాళ్ళే మేం వేరని ఒప్పుకున్నారని పండగ. గర్వపడటానికి ఇదా దొరికింది, నా తలకాయ!

ఫిబ్రవరిలో మా తమ్ముడు హమ్మాదికి గుండెపోటు వచ్చింది. బతికాడు. నేను పనిచేసే వార్డులోనే, నా కళ్ళ ముందే వాడి కార్డు మీద ఎర్ర ముక్క పడింది. జలీలా అక్క వాడి మంచం దగ్గరికొచ్చి అంతా వివరించింది. వాడు ఆక్టోపస్‌లు పట్టేవాడు, సముద్రంలోకి మట్టికుండలు దించుతాడు.

"ఇందులో అర్థం కానిదేముంది అక్కా?" అన్నాడు. "నలభై కుండలు దించితే ఒకటి ఖాళీగా వస్తుంది. అక్కడ సముద్రంలో ఆక్టోపస్‌లే లేవంటామా? మళ్ళీ అక్కడే దించుతాం."

"నువ్వు ప్రొఫెసర్‌వి కావాల్సింది" అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. ఎర్ర ముక్క మాత్రం అలాగే ఉంది. పెద్ద డాక్టర్ సంతకం లేకుండా మార్చడానికి నేనెవర్ని, ఆమె ఎవరు?

పది రోజుల తర్వాత, హమ్మాదిని ఇంటికి పంపే ముందురోజు ఉదయం, పడవ మీద ఒక ముసలామెను తెచ్చారు. గుండెపోటే. హజ్జా సాల్హా, మా పక్కఊరు రమ్లా. ప్రొఫెసర్ పరుగున వచ్చి మంచం పక్కన కూలబడ్డారు. ఆమె ఆయన తల్లి. సాయంత్రానికి ఆమె తేరుకుంది. ఆయన స్వయంగా మందులు రాశారు. చీటీ నా చేతికొచ్చింది. మూడో వరసలో ఆ మాత్రే!

నేను వెళ్ళి జలీలా అక్కను పిలుచుకొచ్చాను. ఆమె చీటీ చూసింది.

"సార్, అమ్మగారిది కెర్కెన్నా కదా?"

ఆయన తలెత్తలేదు. "తెలుసు."

"పుట్టిందీ పెరిగిందీ అక్కడే. ఆక్టోపస్ తినే రక్తం."

"మా అమ్మ జలీలా! అమ్మ విషయంలో నేను ఆ సాహసం చేయలేను."

నేను హమ్మాది కార్డు తెచ్చి ఆయన పెన్ను కింద పెట్టాను. ఆయన ఎర్ర ముక్క కొట్టేసి సంతకం పెట్టారు.

"మిగతా వాళ్ళ సంగతి?" అని అడిగింది జలీలా అక్క.

"వ్యాసం అచ్చయిపోయింది. ఇప్పుడు తప్పని రాస్తే నా ముఖం ఏం కావాలి?"

ఆమె తన గదికి వెళ్ళింది. పెన్సిల్ చెక్కే చప్పుడు నడవాలోకి వినిపించింది. ఆ పత్రికకు ఆమె ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాసింది, జవాబు లేదు. మా హమ్మాది రోజూ ఆ మాత్ర వేసుకుని కుండలు దించుతున్నాడు. మిగతా వాళ్ళ కార్డుల మీద ఎర్ర ముక్క అలాగే ఉంది. ఏం చేస్తాం, మా దీవుల్లో ప్రొఫెసర్‌ని కన్న తల్లి ఒక్కతే.