నిండు బిందెతో ఎదురు రమ్మన్నాను

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి జమ్మలమడుగులో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. మొన్న ఆదివారం పొద్దున్నే స్నేహితురాలిని వెనక కూర్చోబెట్టుకొని స్కూటర్ మీద బయలుదేరబోతుంటే, వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న ఎదురింటామె తలెత్తి "యాడికి పోతాండారుమ్మా పొద్దున్నే?" అని అడిగేసింది. నా గుండె గుభేలుమంది. ఆ పిల్ల మాత్రం బండి ఆపకుండానే "గండికోటకు పోతాండామక్కా, నువ్వూ వస్తావా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేనేమో, ఎక్కడికీ పోయేదాన్ని కాకపోయినా, గబగబా వంటింట్లోకి వచ్చి గ్లాసుడు నీళ్ళు తాగి పీట మీద కూర్చున్నాను. కూర్చున్నాక నన్ను చూసి నాకే నవ్వొచ్చింది.

మా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే పని చెడుతుంది. అడిగించుకున్నవాళ్ళు ఇంట్లోకి తిరిగొచ్చి, ఇన్ని నీళ్ళు తాగి, కాసేపు కూర్చొని మళ్ళీ బయలుదేరాలి. ఈ పట్టింపు మా నాయనకు ఎంత ఉండేదంటే, చాపాడు పక్క మా పల్లెలో గొర్రెల మంద తోలుకొని పోతుంటే ఎవరైనా నోరు జారి అడిగితే, మందను నడివీధిలో వదిలేసి ఇంటికొచ్చి కూర్చునేవాడు. ఆయన నీళ్ళు తాగి లేచేలోపల గొర్రెలు ఎవరి దొడ్లోనో చిక్కుడు పాదంతా మేసేసేవి. ఆ తగాదాలు తీర్చలేక మా అమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది. అలాంటి ఇంట్లో పుట్టి, ఆ పట్టింపును మూట కట్టుకొని సముద్రం దాటిపోయాను నేను.

అప్పటికి నాకు బి.ఇడి. అయిపోయింది, ఉద్యోగం రాలేదు. పేద దేశాల పల్లెటూరి బడుల్లో లెక్కలు, సైన్సు స్వచ్ఛందంగా చెప్పడానికి టీచర్లు కావాలనీ, తిండీ బసా తాము చూసుకుంటామనీ ఒక సంస్థ పేపర్లో వేస్తే, ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియాకు రమ్మని ఉత్తరం వచ్చింది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాయన ఏమంటాడోనని నేను వణికిపోతుంటే ఆయన చాలాసేపు గడ్డం గీరుకొని ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "ఆడ సంగటి దొరుకుతాదంటనా?" దొరుకుతుందో లేదో నాకేం తెలుసు? దొరుకుతుందని అబద్ధమాడాను. తీరా వెళ్ళాక చూద్దును కదా, అది నిజమే అయింది. అక్కడివాళ్ళ రోజువారీ తిండి మొక్కజొన్న పిండితో కెలికిన ముద్ద. పక్కన తోటకూర, ఉడికించిన అలసందలు. అందరూ పళ్ళెం చుట్టూ కూర్చొని, చేత్తో ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో కూర పట్టించి మింగుతారు. మొదటి రోజు నేను ఎవరూ నేర్పకుండానే అలా తింటుంటే హెడ్మాస్టరు భార్య సంతోషం పట్టలేక ఇంకో ముద్ద వేసింది. వేరే దేశంలో ఉన్నాననే బెరుకు ఆ ముద్దతోనే సగం పోయింది.

ఊరు విక్టోరియా సరస్సుకు దక్షిణాన, మ్వాంజా అనే పట్నానికి బస్సులో సగం పూట దూరం. ఒక బండ మీద ఇంకో బండ ఎవరో ఎత్తి పెట్టినట్టుండే గుట్టలు, ఎర్ర మట్టి దారులు, మధ్యలో రేకుల కప్పుతో మా బడి. బెంచీకి నలుగురైదుగురు ఇరుక్కొని కూర్చునేవాళ్ళు పిల్లలు. నాకు వాళ్ళ భాష రాదు, వాళ్ళకు నా ఇంగ్లీషు రాదు, అయినా భిన్నాలు మాత్రం అరటిపండ్లు కోసి చెప్పేసరికి చక్కగా ఎక్కేవి. పాఠం అయ్యాక ఆ ముక్కలు తినడం కూడా పాఠంలో భాగమే కాబట్టి, తరువాత ఉద్యోగమొచ్చి పులివెందులలో ఎన్నేళ్ళు చెప్పినా భిన్నాలంటే అంత ఉత్సాహపడిన క్లాసును నేను మళ్ళీ చూడలేదు. సైన్సు చెప్పే కేరళ టీచరమ్మ నాతోపాటు ఒకే ఇంట్లో ఉండేది. వంట ఆమెది, నీళ్ళు మోసే పని నాది. కరువు సీమ మనిషిని కదా, చేతిపంపు దగ్గర వరసలో నిలబడడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మా ఇంటి పక్కన గుడిసెలో ఒక ముసలామె ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. మన తీపి బోండాల్లాంటివి వేసి బడి గేటు ముందు అమ్ముకుంటుంది, అదే ఆమె బతుకు. అక్కడ పెద్దామెను ఎవరినైనా మామా అని పిలుస్తారు, అంటే అమ్మ అని. మా ప్రొద్దుటూరులో మామా అంటే ఎవరు పలుకుతారో మీకు తెలుసు కనుక, మొదట్లో ఆమెను అలా పిలవాలంటే నాకు ఒకటే నవ్వు. ఆమె కూడా ఎందుకో తెలియకుండానే నాతోపాటు నవ్వేది. నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు పూటలా గంజి కాచి తెచ్చి, మంచం పక్కన కూర్చొని ఆమె భాషలో ఏదో గొణుగుతూ ఉండేది. నిజం చెప్పాలంటే, అమ్మ మీద బెంగ పెట్టుకోకుండా నేను అక్కడ నిలబడ్డానంటే ఆమె వల్లనే.

ఇక శనివారాలు. ఊళ్ళోంచి పట్నానికి శనివారం తెల్లవారగానే ఒకే బస్సు, ఆదివారం సాయంత్రం తిరిగి వస్తుంది. పట్నంలో గుజరాతీ సేటు కొట్లో కందిపప్పు, చింతపండు, టీపొడి కొనుక్కొని, సరస్సు ఒడ్డున వేయించిన చేపలు తిని, లాంచీ ఎక్కి ఎదుటి దీవికి పోయి, ఒక్క రాత్రి బడినీ చాక్‌పీసునూ మరిచిపోయి రావాలని మా ఇద్దరికీ వారమంతా ఆరాటమే. అయితే ఆ ఊరి మర్యాద ఏమిటంటే, దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ "ఎక్కడికి పోతున్నావు?" అని అడగాలి. అడగకపోతే నీ మీద ప్రేమ లేదన్నట్టు లెక్క. నేను సంచీ భుజాన వేసుకొని గడప దాటగానే పక్క గుడిసెలోంచి ముసలామె ఆప్యాయంగా ఆ మాట అడిగేది. నా కాళ్ళు టక్కున ఆగిపోయేవి. వెనక్కి వచ్చి, నీళ్ళు తాగి, కూర్చొని, మళ్ళీ లేచి గడప దాటితే, ఈసారి వెళ్ళానో లేదోనని కనుక్కోవడానికి ఆమె మళ్ళీ అడిగేది. మళ్ళీ నీళ్ళు. అవతల బస్సు హారను కొడుతుంటే కేరళ టీచరమ్మ నెత్తి కొట్టుకునేది. నా మూలంగా బస్సు పోయి, సంచీలు పట్టుకొని ఉసూరుమంటూ ఇంటికి వచ్చిన శనివారాలు ఉన్నాయి.

మాకు ఇది తమాషాగానే ఉంది. కాని పిల్లలు చూస్తున్నారన్న సంగతి నాకు తట్టలేదు. టీచరు చేసింది పిల్లలు చెయ్యకుండా ఉంటారా? ముసలామె పలకరిస్తే వాళ్ళూ గిరుక్కున వెనక్కి తిరగడం మొదలుపెట్టారు. మొదట ఆటగా, తరువాత నిజంగానే. గేటు దగ్గర బోండాలు చల్లారిపోయి అలాగే మిగిలిపోతున్నాయి. ఆమె నాకు గంజి తేవడం, మా అరుగు మీద కూర్చోవడం మానేసింది. ఒకనాడు హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచి, ఎంతో మొహమాటపడుతూ సంగతి చెప్పాడు. చదువుకున్న ఇండియా టీచరు ఆమె గొంతు వినగానే ఇంట్లోకి పోయి నీళ్ళు తాగుతోందంటే ఆమె నోటిలో ఏదో చెడు ఉందని ఊరంతా అనుకుంటోందట. ఒంటరి ముసలామె మీద ఆ ప్రాంతంలో అలాంటి పేరు పడితే ఊళ్ళో ఉండనివ్వరట. గుడిసెలు తగలబెట్టి తరిమేసిన ఊళ్ళు కూడా ఉన్నాయట.

అయ్యో, అది నా పట్టింపు, ఆమెకేం సంబంధం, ఎవరడిగినా మేము ఇలాగే చేస్తాం అని మర్నాడు ప్రార్థనప్పుడు చెప్పాను. హెడ్మాస్టరు వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాడు. అందరూ తలలు ఊపారు. బోండాలు మాత్రం ఎవరూ కొనలేదు. మాటతో పోయేది కాదని అర్థమయ్యాక, కళ్ళారా చూపించాల్సిందేననిపించింది. మనింట్లో ముఖ్యమైన పని మీద పోయేటప్పుడు మంచి మనిషిని నిండు బిందెతో ఎదురు రమ్మంటాం కదా, ఆమెనే అలా రమ్మంటే సరి. పిల్లల్ని సరస్సు చూపించడానికి శనివారం బస్సులో తీసుకుపోయే రోజు దగ్గరలోనే ఉంది. తల్లులంతా సాగనంపడానికి వస్తారు.

అనుకోవడం అనుకున్నాను గాని, రాత్రంతా మనసు పీకింది. ఎందుకంటే ఆమె విధవరాలు. మా ఇంట్లో నాయనకు అక్క ఒకామె, చిన్నప్పుడే ముత్తైదుతనం పోగొట్టుకొని మా దగ్గరే ఉండేది. నన్ను పెంచింది సగం ఆమే. ఎవరు ఊరికి బయలుదేరినా, ఎవరూ ఏమీ అనకముందే, అత్త తనంతట తాను లోపలి గదిలోకి పోయి తలుపు చాటున నిలబడేది. నేను పరీక్షలకు పోయినప్పుడూ అంతే, విమానం ఎక్కడానికి బయలుదేరినప్పుడూ అంతే. ఆమె చీర కొంగు మాత్రం తలుపు సందులో కనిపించేది. అది అలా ఎందుకుండాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. ఆ పరాయి ఊళ్ళో, పక్కగుడిసె ముసలామెను తలుచుకుంటే, నాకు కొంగు తప్ప అత్త ముఖం కనపడలేదు. ఏడుపొచ్చింది.

అయినా భయం భయమే. క్లాసుడు పిల్లల్ని తీసుకుపోతున్నాను, దారిలో ఏమైనా జరిగితే? వచ్చీరాని వాళ్ళ భాషలో నేనడిగితే ముసలామె అన్నదీ ఇదే మాట. పిల్లలకు ఏదైనా అయితే ఇక నన్ను ఎవరూ బతకనివ్వరు తల్లీ, వద్దు అంది. ఆమె చేతులు పట్టుకొని, నువ్వు రాకపోతే నేను గడప దాటను, బస్సు పోతే పోనీ అని మొండికేశాను. నా మొండితనం ఆమెకు ఆ శనివారాల్లో బాగానే తెలిసింది కాబట్టి, ఒప్పుకుంది.

ఆ పొద్దున ఊరంతా చూస్తుండగా, తల మీద నిండు బకెట్టుతో, పెట్టెలోంచి తీసిన మంచి గుడ్డ చుట్టుకొని, మెడ నిలబెట్టి ఆమె నాకు ఎదురు వచ్చింది. నేను ఆగి, ఆ నీళ్ళు కాసిని చేతిలో పోసుకొని కళ్ళకద్దుకొని, బస్సెక్కాను. పిల్లలు ఒక్కొక్కరే నాలాగే చేసి ఎక్కారు. సగం దారిలో టైరు ఢామ్మని పేలింది. నా ప్రాణం పోయినంత పనయింది. ఎవరికీ ఏమీ కాలేదు. డ్రైవరు టైరు మార్చేంతసేపు పిల్లలు రోడ్డు పక్క బండలెక్కి పాటలు పాడుతుంటే, నేను మాత్రం మా ఊరి దేవుళ్ళందరికీ, చివరికి బ్రహ్మంగారి మఠానికి కూడా మొక్కేసుకున్నాను. సరస్సు చూసి పిల్లలు వేసిన కేకలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అవతలి ఒడ్డు కనపడని నీళ్ళను నేను కూడా అంత ఇష్టంగా ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దుగూకేవేళకు బస్సు ఊళ్ళోకి వచ్చేసరికి, తల్లులందరికంటే ముందు రోడ్డు మీద నిలబడి ఉంది ముసలామె, అన్నం తిన్న ముఖం కాదు. పిల్లలు బిలబిలమని దిగి టైరు పేలిన కథ చెప్తూ, మామా నీళ్ళు ముట్టుకొని పోయాం గనుకే ఎవరికీ గీత కూడా పడలేదని వాళ్ళే అనేశారు! నేను నోరు తెరవాల్సిన అవసరం లేకపోయింది. తరువాతి వారం హెడ్మాస్టరు భార్య పుట్టింటికి పోతూ ఆమెను ఎదురు రమ్మంది. ఆపైన పెళ్ళి మాటలకు పోయేవాళ్ళు, ఆవుల సంతకు పోయేవాళ్ళు కూడా. బోండాలు బెల్లు కొట్టకముందే అయిపోయేవి. వాళ్ళకు లేని ఆచారం ఒకటి నేను తగిలించి వచ్చానని కేరళ టీచరమ్మ ఎన్నాళ్ళు దెప్పిందో! దెప్పితే దెప్పింది, ముసలామె ఎక్కడికని అడగడానికి బదులు బకెట్టుతో ఎదురొచ్చేది కనుక, మా శనివారం బస్సు మళ్ళీ ఎప్పుడూ తప్పిపోలేదు.

రెండేళ్ళకు ఇంటికి వచ్చాను, పులివెందులలో ఉద్యోగం వచ్చింది. చేరడానికి బయలుదేరిన పొద్దున అమ్మ గడపలో నిలబడింది, అత్త మామూలుగా లోపలి గదిలోకి నడిచింది. నేను సంచీ కింద పెట్టి, అత్తా, బిందె తీసుకొని ఎదురు రా అని పిలిచాను. "ఏందిమే నువ్వు మాట్లాడేది? నేనెదురొచ్చేదేంది? మొదటి దినం కొలువుకు పోతాండావు, ఎవురన్నా వింటే నవ్వుతారు" అంది లోపల్నించే. నువ్వు రాకుంటే నేను పోను అన్నాను. అమ్మ నాయన ముఖం చూసింది. నాయన, చిక్కుడు పాదులు మేపించిన మా నాయన, నేల చూపులు చూస్తూ, "రా అక్కా. పిల్ల పిలుస్తాంది కదా. బస్సు పోతాది మళ్ల" అన్నాడు. అత్త బిందె చంకన పెట్టుకొని వచ్చింది. ఎప్పుడూ లేని అలవాటు, గబగబా నడిచేసరికి బిందెలో నీళ్ళు సగం నా కాళ్ళ మీదే తొణికిపడ్డాయి. బస్సులో పులివెందులదాకా నా చెప్పులు తడిగానే ఉన్నాయి.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయన పోయిన ఏడు పోయాడు. ఈమధ్య ఒకరోజు మనవరాలు పరీక్షకు బయలుదేరుతుంటే, నేను ఎక్కడున్నానా అని చూసుకుంటే, వంటింటి తలుపు వెనక ఉన్నాను. ఎవరూ పొమ్మనలేదు. కాళ్ళు వాటంతటవే నన్ను అక్కడికి తీసుకుపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో బయటినుంచి ఆ పిల్ల, "అవ్వా, యాడుండావు? గేటు తియ్యి, టైమైపోతాంది!" అని ఒకటే కేక. పోయి గేటు తీశాను, నా ఎదురుగానే బండి మీద దూసుకుపోయింది. ఆ పిల్లకు ఎదురు రావడమంటే ఏమిటో తెలియదు, తలుపు చాటున ఎవరైనా ఎందుకు నిలబడతారో అసలే తెలియదు. తెలియకపోవడం ఎంత మంచిదో! కాని సాయంత్రం తిరిగొచ్చాక మా అత్త గురించి చెబుదామని కూర్చోబెడితే, ఆమె లోపలికి ఎందుకు పోయేదని అది అమాయకంగా అడిగింది. నేను మాట మార్చి, పరీక్ష ఎట్ల రాసినావమ్మా అని అడిగాను.