పొగగొట్టం వంచిన పూట

వెల్డింగు షెడ్డులో ఆమెను అందరూ పిరికక్క అనేవారు. ఇరవై రెండేళ్లుగా ఇనుము అతుకుతున్నా నిప్పు ముట్టించాలంటే గుండెల్లో గుబులే. ఎవరి బండైనా పెట్రోలు ట్యాంకు విప్పి వీధిలో పెట్టించందే పని మొదలుపెట్టేది కాదు. గొట్టం కాల్చి వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక కూరాలి. ఆ ఇసుకను ముందుగా రేకు మీద గంటసేపు వేయించేది. చెమ్మ మిగిలితే ఆవిరి పుట్టి పేలుతుందని, పని నేర్పిన మేనమామ చెప్పిన మాట ఆమె చెవుల్లోంచి పోలేదు.

ఒక ఉదయం ఆమె సొంత అక్క మొగుడు తన తోట ట్రాక్టరును తోసుకుంటూ వచ్చాడు. చిన్న బండే గానీ ఆయనకంటే వయసులో పెద్దది. సైలెన్సరు తుప్పు పట్టి రాలిపోయి, పొగంతా ముఖానికే కొడుతోంది. విడిభాగాలు ఎక్కడా దొరకవు. ఇనుప గొట్టాన్ని పైకి వంచి, తలకంటే ఎత్తుగా నిలిపి బిగించమన్నాడు.

ఆమె ఇసుకను రేకు మీద పోయగానే బావ నవ్వాడు.

“వేయిస్తున్నావా మరదలా? ఆ చేత్తోనే కాస్త ఉప్పూ కారం కూడా చల్లు!”

పక్క దుకాణంవాళ్లూ గొల్లున నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పది నిమిషాలకే ఇసుక దించేసి, గొట్టంలో కూరి, రెండు కొసలకూ చెక్క బిరడాలు దిగ్గొట్టింది. గ్యాసు టార్చి వెలిగించి గొట్టానికి పట్టింది.

గొట్టం ఎర్రబడింది. లోపల సన్నగా బుస్సుమంది. చెమ్మ ఆవిరవుతోందని ఆమెకు అర్థమైంది. టార్చిని పక్కకు తిప్పి, రెండో చేత్తో బావ చొక్కా పట్టి లాగింది.

ఢామ్మని బిరడా ఎగిరింది. ఆయన చెవి పక్కగా దూసుకుపోయి పైకప్పు రేకును చీల్చింది. కాలే ఇసుక గోడంతా చిమ్మింది.

బావ చతికిలబడి చెవి తడుముకున్నాడు. ఆమె గ్యాసు కట్టేసింది.

“మీ అక్కకి చెప్పకు,” అన్నాడు.

“చెప్తాను బావా. తప్పు నాది. తడుందని తెలిసే దించేశాను.”

ఆయన లేచి, రేకు మీద కొత్త ఇసుక పోసి, తనే కలుపుతూ కూర్చున్నాడు. గంట దాటాక ఆమె చాలంటే, “ఉండమ్మా, ఇంకాసేపు,” అన్నాడు.

రెండో గొట్టం సాఫీగా వంగింది. బిగించాక ఇద్దరూ ముఖాలు పక్కకు తిప్పుకుని ఇంజను తాడు లాగారు. పొగ నిటారుగా పైకి లేచింది. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం ఆమె అక్కకు ఫోన్ చేసి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

“ముందు అన్నం తిను,” అంది అక్క. “తిట్లు రేపు తిడతాను.”

ఫోన్ పెట్టేసి ఆమె కంచం ముందు కూర్చుంది.