సిమెంటు కింద సున్నపు గోడ

1984 జూన్. కిరండుల్ రైలు లైనులో దంతెవాడ దాటాక వచ్చే ఒక గని టౌన్‌షిప్‌లో నేను సివిల్ విభాగపు వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. స్టేషను వెనుకనున్న పాత ప్రార్థన మందిరం ప్రమాదకరమైన కట్టడమని, వర్షాలు వెళ్లగానే కూల్చివేయాలని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. కొలతలు రాసి తెమ్మని నన్ను పంపారు. ఆ ఉత్తర్వుకు ఆధారమైన నివేదికను జీపు దిగకుండానే రాశారని డ్రైవరు చెప్పాడు. నా డైరీలో ఆ మాట కింద రెండు గీతలు గీశాను. ఇప్పటికీ ఉన్నాయి.

ఆ మందిరం కట్టినవారు కొండలు తొలిచి పట్టాలు వేయడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గ్యాంగ్ కూలీలు. ఎక్కడికి వెళ్లినా తమను గుమ్మం బయటే నిలబెడుతున్న రోజుల్లో, కల్వర్టులకు పనికిరావని పారేసిన రాళ్లు ఏరుకుని, గానుగ సున్నంతో, పని దిగిన తరువాత సాయంత్రాలు కట్టుకున్నారు. దాని గురించి మా ఆఫీసులో ఒక్క కాగితం లేదు. గెస్ట్‌హౌస్ కిటికీ తెరలకు మాత్రం లావైన ఫైలు ఉండేది.

తూర్పు గోడకు రెండు పగుళ్లు ఉన్నాయి. పగులు పెరుగుతోందో, ఆగిపోయిందో కంటితో తేల్చలేం. అందుకు టెల్‌టేల్ పెడతాం. అంటే పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను రెండు కొసల్లో అతికించి, పక్కన తేదీ వేస్తాం. గోడ కదిలితే గాజు పగులుతుంది.

సంఘ కాపరి దేవదానం అయ్యగారు ఒకప్పుడు గ్యాంగ్‌మన్. గాజును చూసి నవ్వారు.

"మా గోడకు అద్దమెందుకు సార్, తల దువ్వుకుంటుందా?"

"అది నిజం చెబుతుంది అయ్యగారూ. వానాకాలమంతా అడుగుదాం."

ప్రతి సోమవారం వెళ్లి చూసి రాశాను. సెప్టెంబరు ఆఖరు వరకు రెండు గాజులూ చెక్కుచెదరలేదు. పునాది దిగలేదన్నమాట. మరి గోడ ఎందుకు ఉబ్బి పెచ్చులూడుతోంది? సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వచ్చింది. ఒక పెచ్చు తీసి చూస్తే, పైన పూసిన సిమెంటు వెనుక సున్నం తడిసి ముద్దయి ఉంది. సున్నపు గోడ పీల్చుకున్న తడిని బయటికి వదలాలి. సిమెంటు ఆ దారిని మూసేస్తుంది.

ఆ సిమెంటు సంఘం వారి కానుక. ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక్కొక్క కుటుంబం, లైను పనిలో పోయిన తమవారి జ్ఞాపకార్థం బారెడు మేర సిమెంటు పూసి, పచ్చిగా ఉండగానే మేకుతో పేరు రాసేది. ఇరవై ఏళ్లుగా భక్తితో చేసిన పనే గోడను లోపల కుళ్లబెట్టింది.

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘం ముందు నిలబడి ఉన్నమాట చెప్పాను. "ఈ సిమెంటంతా చెక్కించాలి. లేకపోతే కూల్చమన్నవాళ్ల మాటే నిజమవుతుంది."

సొరంగం పనిలో భర్తను పోగొట్టుకున్న రాహేలమ్మ లేచి నా మీదికి వచ్చింది.

"ఏటి బాబూ! ఆఫీసోళ్ల బంగళాలకి పనికొచ్చిన సిమెంటు మా దేవుడింటికి పనికిరాదేటి? మా ఇంటాయనకి సమాధి నేదు. ఆ గోడ మీద పేరొక్కటే ఉన్నాది. దాన్నీ సెక్కేత్తారా?"

నా చేతిలో ఎంబీ, అంటే కొలతల పుస్తకం, ఉంది. "ప్రతి పేరూ, అది గోడ మీద ఎక్కడుందో కొలతతో సహా ఇందులో రాస్తానమ్మా. ఆ తరువాతే ఉలి," అన్నాను.

"ఆ పుస్తకం ఆఫీసోళ్లదే కదేటి?"

"రెండు రాస్తాను. ఒకటి మీ దగ్గరే ఉంటుంది."

ఆమె కూర్చుంది. రాయడానికి మూడు రోజులు పట్టింది.

చెక్కే రోజున దేవదానం అయ్యగారు తమ ప్రతిని చేతబట్టుకుని, పూర్వం పొద్దున్నే మేస్త్రి మస్టర్ పిలిచినట్టు ఒక్కొక్క పేరే పిలిచారు. ఆ ఇంటివారు "హాజర్" అని, మొదటి ఉలిదెబ్బ తామే వేశారు.

"సీమోను!"

రాహేలమ్మ ఉలి మొనను ఆ పేరు మొదటి అక్షరం మీద ఆనించింది.

"హాజరే అయ్యగారూ. ఆయన ఏనాడు నాగా పెట్టాడు గనక," అని కొట్టింది.

గోడను బాగా ఆరనిచ్చి మళ్లీ సున్నమే పూశారు. గాజుల తేదీలన్నీ జతచేసి నేను నివేదిక పంపాను. కూల్చివేత ఉత్తర్వు రద్దయింది. దాని వెంటే, కొలతల పుస్తకంలో వ్యక్తుల పేర్లు ఏ నిబంధన ప్రకారం రాశావని నాకు మెమో వచ్చింది. జీపు దిగని పెద్దమనిషిని మాత్రం ఎవరూ సంజాయిషీ అడగలేదు. "కూల్చమని రాసినవారు దాన్ని ఎవరు కట్టారో రాయలేదు. ఆ లోటు పూరించాను," అని జవాబిచ్చాను. తిరుగు ఉత్తరం రాలేదు.

నాటి నుంచి పదవీ విరమణ వరకు ఏ పాత కట్టడాన్ని కొలవబోయినా, పొడవు వెడల్పుల గడులకు ముందు, "ఎవరు కట్టారు" అని ఒక గడి నా చేత్తో గీసుకున్నాను. అచ్చు ఫారంలో ఆ గడి లేదు.