సిద్దయ్య ఓడకు రెండో పక్క

మా పెదనాయిన సిద్దయ్యకు ఈత రాదు. కృష్ణ దాటాల్సి వస్తే పుట్టిలో కూర్చుని, రెండు చేతులా అంచు పట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. అంత గండంలోనూ దేవుడికి కాదు, పుట్టి నడిపేవాడికి మొక్కేవాడు. అలాంటి మనిషి ఆత్మకూరు సాలెవాడలో, సముద్రం ముఖం ఎరగని జనం మధ్య, తొమ్మిదేళ్లు కూర్చుని ఓడ కట్టాడు. ఎందుకు కట్టాడని నన్ను అడగొద్దు. మా పెద్దమ్మ ఆండాళు ఆ మాట రోజుకు రెండుసార్లు అడిగింది. ఆమెకే జవాబు దొరకలేదు.

అది మూడు మూరల ఓడ. నీళ్లలో వేసేది కాదు, చూసేది. కానీ ఎవరైనా బొమ్మ అన్నారో, ఆయనకు ఒళ్లు మండేది. బొమ్మయితే ఎట్లా చేసినా చెల్లుతుంది, ఇది ఉన్నది ఉన్నట్టు చేసిందనేవాడు.

ఉన్నది ఎక్కడుందంటే బొంబాయిలో. పెళ్లయిన కొత్తలో అందరిలాగే బతకడానికి పోయి మూడేళ్లు మిల్లులో పనిచేశాడు. ఆదివారం వస్తే తోటివాళ్లు కల్లు దుకాణానికి పోయేవాళ్లు, ఈయన రేవుకు పోయేవాడు. అక్కడ ముసలి పట్టమారు ఒకటి గట్టుకు కట్టేసి ఉండేది. పట్టమారంటే కొంకణానికీ మలబారుకూ మధ్య సరుకులు మోసిన తెరచాపల ఓడ. వేలెడేసి దూరంలో ముడులు వేసిన నూలుతాడుతో దాని పొడుగు కొలిచాడు. నీడను బట్టి తెరచాప స్తంభం ఎత్తు లెక్కకట్టాడు. ఏ తాడు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో చూసి, తానులోంచి చింపిన గుడ్డ మీద మసితో పటం గీసుకున్నాడు. మిగతావాళ్లు ఊరికి వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలు తెచ్చారు. ఈయన ఆ గుడ్డ తెచ్చాడు. నాటుపడవ కిరాయికి తీసుకుని ఓడ చుట్టూ తిరిగి కొలిచానని వాడకట్టంతా చెప్పాడు. ఈత రాని మనిషి అంత సాహసం చేశాడంటే మా పెద్దమ్మ లోపల్లోపల మురిసిపోయింది. తొమ్మిదేళ్లు ఆ ఓడను సవతీ సవతీ అని తిట్టినా, ఇంట్లోంచి బయట పారేయకపోవడానికి కారణం అదొక్కటే.

అసలు ఓడలో మూర ఈయన ఓడలో బొటనవేలి వెడల్పు. విరిగిన మగ్గాల కర్ర చెక్కి పలకలు చేశాడు. నూలు కంట్రోలు రోజుల్లో, చీరలకు దొరకని నూలు ఏడు పోగులు పేని, మైనం పూసి ఓడతాళ్లు చేశాడు. తెరచాపలకు అంగడి గుడ్డ మోటుగా ఉందని సన్నపోగు తనే నేశాడు. చేయి ఊరుకోక మొదటి తెరచాపకు ఎర్రంచు పడింది. అది చూసుకుని రెండు రోజులు అన్నం తినలేదు. మళ్లీ విప్పి అంచు లేకుండా నేశాడు. అంచు లేని గుడ్డ నేయడం సాలెవాడికి ఎంత కష్టమో మీకు తెలియదు, తలగుడ్డ లేకుండా తిరునాళ్లకు పోయినట్టుంటుంది.

ఊరు ఊరికే ఉంటుందా. ఇది ఎన్ని గుమ్ముల వడ్లు మోస్తుందని ఒకరు, కోళ్లను కమ్మడానికి బాగుంటుందని ఒకరు. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు వచ్చినప్పుడు, లోకం తలకిందులవుతుంటే నువ్వు పడవలు చెక్కుతున్నావా అని నవ్విపోయారు. రజాకార్లు వచ్చినప్పుడు, పారిపోవడానికా అని నవ్విపోయారు. ఒకళ్లనొకళ్లు చంపుకునే ఆ రెండు వర్గాలూ ఏకాభిప్రాయానికి వచ్చింది మా పెదనాయిన విషయంలోనే.

నవ్వనివాళ్లు తర్వాత వచ్చారు. పోలీసు యాక్షన్ అయింది, నిజాము దిగిపోయాడు, పీడ విరగడైందని మేమంతా అనుకున్నాం. మరుసటి ఏడు ఆత్మకూరులో పోలీసు క్యాంపు పెట్టారు. కమ్యూనిస్టు దళాలు అమ్రాబాద్ అడవి పట్టాయనీ, కృష్ణ వెంట రాకపోకలు సాగుతున్నాయనీ ఇల్లిల్లూ వెతికారు. గొల్ల కిష్టయ్య దళం వాళ్లకు చెంబెడు పాలు పోశాడని తీసుకుపోతే చేయి విరిగి తిరిగొచ్చాడు. మా వాడకట్టు దశరథం ఆ మాత్రం కూడా రాలేదు. బతికున్నాడో లేదో చెప్పేవాడు లేడు.

మా ఇంట్లో మగ్గం గుంటలో మడతపెట్టిన గుడ్డ దొరికింది. దాని మీద పొడుగ్గా ఒక వంపు, వంపు లోపల గీతలు, చుక్కలు, అంకెలు, ఒక కొసన అంచును ఆనుకుని చిన్న చదరం. ఇనస్పెక్టరు కోస్తా వైపు మనిషి, చదువుకున్నవాడు. చదువుకున్నవాడు కాబట్టి వెంటనే అర్థమైపోయింది. వంపు కృష్ణ మలుపు, చుక్కలు కాపలా మనుషులు, చదరం తుపాకులు దాచిన చోటు. ముప్పై మంది పోలీసులు రెండు రోజులు ఏటిగట్టు తవ్వారు. పగిలిన బాన ఒకటి దొరికింది.

అప్పుడు మా పెదనాయినను క్యాంపుకు పట్టుకుపోయి నిలబెట్టి, ఆ చదరం ఏమిటో నిజం చెప్పమన్నారు. ఆయన నిజమే చెప్పాడు.

"అది దొడ్డికి కూసునే పెట్టె, దొరా."

చెంప పగిలింది. మర్నాడు మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాడు, మళ్లీ పగిలింది. నిజమే, సముద్రం మీద పోయే ఓడకు వెనక కొసన, బయటికి వేలాడేటట్టు ఒక పెట్టె కడతారు. కానీ ఆ మాట నమ్మాలంటే ముందు ఓడను నమ్మాలి కదా. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే లారీ ఎక్కించి జిల్లా దాటిస్తానని నాలుగో నాడు ఇనస్పెక్టరు చెప్పాడు. దశరథాన్నీ అట్లానే దాటించారు.

ఆ మాట చెవిన పడగానే మా పెద్దమ్మ చుట్టబట్ట నెత్తిన పెట్టుకుని, దాని మీద సవతిని పెట్టుకుని బయల్దేరింది. బజార్లో గోడల మీదుగా తెరచాపలు కదిలిపోతుంటే జనం పనులు విడిచి చూశారట. ఆమెకు సిగ్గు లేదు, భయమే ఉంది. క్యాంపు ముందు ఓడను దించి, గుడ్డ మీదున్నది ఇదే, కావాలంటే కొలుచుకోండి అంది.

ఇనస్పెక్టరు నసిగి, హవల్దారు కుంజంబును పిలిచాడు. మలబారు మనిషి, తండ్రి తాతలు ఓడలు కట్టే వడ్రంగులు. వచ్చీరాని తెలుగు. కుంజంబు నేల మీద బోర్లా పడుకుని ఓడను చూశాడు. గుడ్డ పరిచి ఒక్కొక్క తాడూ సరిచూశాడు. చుక్కలు మేకులన్నాడు, గీతలు పలకల వరసలన్నాడు. చదరం దగ్గరకొచ్చి పకపకా నవ్వి, సిద్దయ్య చెప్పింది నిజమే అన్నాడు. మా పెద్దమ్మ ప్రాణం లేచొచ్చింది.

అంతలో కుంజంబు నవ్వు ఆగింది. ఓడకు రెండో పక్కన కూడా అచ్చం అట్లాంటి పెట్టె ఇంకొకటి వేలాడుతోంది. గుడ్డ మీద ఒకటే ఉంది. వాళ్ల వైపు ఏ పట్టమారుకూ రెండు ఉండవని, ఉన్నది చెప్పక తప్పదన్నట్టు మెల్లగా చెప్పాడు.

ఇనస్పెక్టరు లేచి నిలబడ్డాడు. పటంలో ఒకటి, ఓడలో రెండు. అంటే పటం ఈ ఓడది కాదు. ఓడ ముసుగు మాత్రమే. ఏమంటావని అడిగాడు.

 చెంపదెబ్బలకు వెరవకుండా రెండుసార్లూ జవాబిచ్చిన మనిషి, ఇప్పుడు పెద్దమ్మ ముఖం చూస్తూ నోరు కుట్టేసుకున్నాడు. బయట లారీ సిద్ధం చేస్తున్నారు. నోరు తెరువు, ఏదో ఒకటి చెప్పు అని ఆమె కళ్లతోనే బతిమాలింది.

"నేను ఒక్క పక్కనే చూసిన, దొరా" అన్నాడు చివరికి. "రెండో పక్కకు నీళ్లుండె. ఓడ ఎక్కనియ్యలే. పడవల తిరిగిన అని చెప్పింది అబద్ధం. సాలోళ్లం, చీరకు ఒక్క అంచు చూస్తె రెండోది చూడకుంటనే నేస్తం. రెండంచులు ఒక్కతీరుగ లేకుంటె అది చీరె గాదు. ఓడ గూడ గట్లనే అనుకున్న."

మా పెద్దమ్మకు కోపం వస్తుందని అందరూ అనుకుంటారు. రాలేదు. తొమ్మిదేళ్ల తన మురిపెం ఒక్క అబద్ధం మీద నిలిచిందని తెలిసి ఏడుపొచ్చింది. ఆ అబద్ధం ఆయన బయటపెట్టకపోతే ఈ పూటే లారీ ఎక్కేవాడని తెలిసి ఇంకా ఎక్కువ ఏడ్చింది.

ఇనస్పెక్టరు చాలాసేపు గుడ్డనూ ఓడనూ మార్చి మార్చి చూశాడు. నమ్మకం కుదిరింది. కానీ ఈ సంగతి పైకి రాయాలంటే, ముప్పై మందిని పెట్టి రెండు రోజులు తాను ఏం వెతికించాడో కూడా రాయాలి. ఆయన పైకి ఏమీ రాయలేదు. గుడ్డ మా పెదనాయిన మొహాన కొట్టి, మళ్లీ కనిపిస్తే చంపుతానని లోపలికి వెళ్లిపోయాడు.

అంతే, అయిపోయింది. ఆ క్యాంపు గడప దాటి కాలూచేయీ విరగకుండా బయటికి నడిచిన మొదటి మనిషి మా పెదనాయినే అయ్యుండేవాడు, నడిచి ఉంటే. ఆయన కుంజంబు దగ్గర చాకు అడిగి, రెండో పెట్టెను అక్కడికక్కడే కోసేశాడు. కోసినచోట వట్టి పలక కనిపించింది. దాన్ని నిమురుతూ, మరి ఈ పక్కకు ఏముంటది సారూ అని అడిగాడు. కుంజంబుకు కూడా మనిషి దొరికినట్టయింది. చాలా ఉంటుందని చెప్పి, ఇద్దరూ క్యాంపు అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని పుల్లతో నేల మీద గీయడం మొదలుపెట్టారు.

పెద్దమ్మ ఓర్చుకుని ఓర్చుకుని దగ్గరికెళ్లింది.

"ఇడిసిండ్రు గద, లెవ్వు. గీ మాట వినాలెనని దశరథం పెండ్లాం ఆర్నెల్లసంది ఏడుస్తాంది."

"జర ఆగు. రేపు సారును బదిలీ చేస్తె మళ్ల నాకెవలు చెప్తరు?"

ఆమె ఆగలేదు. చుట్టబట్ట దులిపి భుజాన వేసుకుని, ఉత్త నెత్తితో ఇంటిదారి పట్టింది. సాలెవాడంతా గుమ్మాల్లో నిలబడి ఉంది. దశరథం భార్య గుర్వమ్మ పరుగెత్తుకొచ్చి, ఒంటరిగా వస్తున్న ఆమెను చూసి, నెత్తి మీద ఓడ కూడా లేకపోవడం చూసి, చేయి పట్టుకుంది.

"ఇడువలేదా అక్కా?"

"వాళ్లు ఇడిసిండ్రు" అంది మా పెద్దమ్మ. "గీయినే వాళ్లను ఇడుస్తలేడు."