పక్కింటి తాతకు నేను చదివిన ముగింపు

నా చిన్నప్పుడు అమీర్‌పేటలోని మా సందుకి సెలవులు మొదలయ్యేది బడి మూసిన రోజున కాదు, పక్కింటి తాత తన బాదం చెట్టు కింద నీళ్లు చల్లి, పాత జంపఖానా పరిచిన రోజున. సాయంత్రం నాలుగున్నరకి ఎండ గోడ అవతలికి జరిగేది. మేం ఆరేడుగురం పిల్లలం చేతికి దొరికిన పుస్తకం పట్టుకుని ఆ చెట్టు కింద చేరేవాళ్లం. కూర్చుని చదువుకోవచ్చు, బోర్లా పడుకుని చదువుకోవచ్చు, పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూడొచ్చు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. తాత కోడలు ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు పళ్లెంలో పెట్టి పంపేది. ఆ వేళ్లతోనే పేజీలు తిప్పి, ఆ వేళ్లతోనే కళ్లు నులుముకుని లబోదిబోమన్న రోజులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ చెట్టు కింద రోజులు తలచుకుంటే ఎవరికైనా హాయిగా ఉండాలి. నాకు ఉండదు. ఎందుకుండదో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పేస్తాను.

మా నాన్నకి పంజగుట్టలో ఆఫీసు. మేం కోస్తా నుంచి వచ్చి ఆ సందులో ఒక పోర్షన్ అద్దెకి తీసుకున్నాం. అప్పుడు నాకు పదేళ్లు. క్లాసులో తెలుగు పాఠం పైకి చదవాలంటే టీచరు ప్రతిసారీ నన్నే లేపేది, దాంతో నాకు కళ్లు నెత్తికెక్కాయి. పక్కింటి తాత మాట్లాడే తెలుగు నా చెవికి తెలుగులాగే ఆనేది కాదు. ఇంటికొచ్చి ఆయనలా మాట్లాడి చూపిస్తే, "పెద్దాయన్ని వెక్కిరిస్తారేంటే, తప్పు" అని అమ్మ కసిరేది గాని, నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయేది.

తాత నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. కచ్చేరీలో ఉర్దూ దస్త్రాలు రాసి రాసి రిటైరయ్యాడు. పొద్దున్నే ఉర్దూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. పుస్తకం చేతికిస్తే అలవాటుగా వెనక వైపు నుంచి తెరిచేవాడు. మేం కిసుక్కుమనేవాళ్లం. తెలుగు చదవడం రాదంటే ఇక ఏదీ తెలియదన్నమాటే అని మా పిల్లల లెక్క. ఆ లెక్కే నా చేత ఇదంతా చేయించింది.

తెలుగు చదవడం వచ్చింది వాళ్లావిడకి. మేం ఆమెని అవ్వ అనేవాళ్లం. ఒక వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు ప్రతి వారం బ్లేడుతో కోసి దాచి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అలాగే చేసేవారు. ఒక మూల కథ ఉంటే ఇంకో మూల తలనూనె ప్రకటనో, ఆవకాయ కొలతలో ఉండేవి. బొంబాయి మిల్లులో పనికని వెళ్లి జాడ లేకుండా పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఒకామె కథ అది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ చదివితే తాత వినేవాడు. ఇంకో నాలుగు వారాల్లో కథ అయిపోతుందనగా అవ్వ మంచం పట్టింది. ఆస్పత్రిలో పడుకుని కూడా ఆ మొగుడు తప్పకుండా వస్తాడని ఆమె, రాడు పొమ్మని ఈయన వాదించుకున్నారట. అది తేలకుండానే ఆమె పోయింది. మిగిలిన నాలుగు వారాల పేజీలు కోడలు జాగ్రత్తగా కోసి, చదవకుండానే ఆ పుస్తకానికి కలిపి కుట్టేసింది.

అవ్వ పోయాక వచ్చిన ఎండాకాలం సెలవుల్లో మొదటిరోజే తాత ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "బిడ్డా, నువ్వు మంచిగ సదువుతవంట. జర గిది మొదటి సంది సదివి ఇనిపియ్యి. ఆఖరికి వాడొచ్చిండో లేదో నాకు తెల్వాలె. ఆమె ఫొటోకు సుత చెప్పాలె" అన్నాడు.

కోడలి చేత చదివించుకోవచ్చు కదా అని ఇంటికొచ్చి అమ్మని అడిగాను. "మొగుడూ పెళ్లాల కథ కోడలు చదువుతుంటే మామగారు కూర్చుని వింటారేంటే" అంది అమ్మ. కొడుకు సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ షిఫ్టులకి పోయి వచ్చి పడి నిద్రపోయేవాడు. మెలకువగా ఉన్నప్పుడు కూడా అలాంటి కథ చదవమని కొడుకుని అడగడానికి తాతకి మొహమాటమే. పిల్లల దగ్గరైతే ఆ బెంగ లేదు. అలా ఆ పని నా మీద పడింది.

రోజూ ముందు అరగంట తాత పుస్తకం నేను పైకి చదవాలి, తర్వాత ఎవరి పుస్తకం వాళ్లది. మొదటి నాలుగైదు రోజులు గొంతు సవరించుకుని, పాత్రకో గొంతు పెట్టి తెగ వెలగబెట్టాను. తర్వాత విసుగొచ్చింది. ఆ కథలో రాక్షసులు లేరు, రాజకుమారులు లేరు. ఆమె కుట్టుమిషను తొక్కుతుంది, ఉత్తరాల బంట్రోతు కోసం చూస్తుంది, మళ్లీ మిషను తొక్కుతుంది. అటు చూస్తే సందులో ఒకే ఒక్క ఇంటికి వచ్చే పిల్లల మాసపత్రిక వంతులవారీగా చేతులు మారుతోంది. నా వంతు ఎప్పుడొస్తుందా అని ప్రాణం కొట్టుకునేది. అందుకని రెండేసి పేజీలు కలిపి తిప్పడం మొదలుపెట్టాను. తాత కళ్లు మూసుకుని వింటూ ఉండేవాడు. మా చెల్లెలు ఒకసారి చూసి నోరు తెరవబోతే తొడ మీద గిల్లాను.

ఒకరోజు ఎదురింటి చిన్నది, ఐదేళ్లుంటాయేమో, "మరి మేకపిల్ల ఏమైంది?" అని అడిగింది. అంతకుముందు కథలో ఆమె ఒక మేకపిల్లని పెంచుతుంది. ఏమైందో నాకేం తెలుసు. నేను నీళ్లు నములుతుంటే తాత కళ్లు తెరిచాడు. "నిన్న అక్క సదివింది గద బిడ్డా, నువ్వు నిద్రవోయినవ్. వరదొచ్చిననాడు ఆమె దాన్ని మెడ మీదేస్కొని గోడెక్కలే? నీళ్లు తీసేదాంక గట్లనే కూసుండలే?" అన్నాడు. చిన్నది తృప్తిగా తల ఊపింది.

ఆ సాయంత్రం వెనక్కి తిప్పి చూసుకుంటే, ఆ వరద అంతా నేను దాటేసిన పేజీల్లో ఉంది. ఆమె గోడెక్కడం, మెడ మీద మేకపిల్ల, అంతా. తాతకి ఈ కథ తెలుసని, నేను ఎగ్గొట్టిందీ తెలుసని, పిల్లల ముందు నా పరువు కాపాడాడని అప్పుడు అర్థమైంది. సిగ్గుపడాలి కదా. నాకు ధైర్యం వచ్చింది. ఎలాగూ తెలిసిన కథే, చదివితే ఎంత, మానేస్తే ఎంత అనుకున్నాను. చివరి నాలుగు వారాలు ఆయన విననివన్న సంగతి నా బుర్రకి తట్టనే లేదు. తట్టినా పట్టించుకునేదాన్ని కాదేమో, ఉన్నమాట చెప్పాలంటే.

మాసపత్రిక నా చేతికొచ్చిన రోజునే తాత పుస్తకం ఆ చివరి పేజీల దగ్గరికొచ్చింది. చీకటిపడేలోగా పత్రిక పక్కవాళ్లకి ఇచ్చేయాలి. నేను తాత పుస్తకం ముందు పెట్టుకుని, పేజీల మీద చూపు నిలిపి, నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. అతను రైలు దిగాడన్నాను. ఆమె వాకిట్లో ముగ్గు వేస్తోందన్నాను. పది వాక్యాల్లో వాళ్లిద్దరినీ కలిపేసి పుస్తకం మూశాను.

తాత లేచి కూర్చున్నాడు. "ఒచ్చిండా?"

"వచ్చాడు తాతా."

"ఎన్నేండ్లకు?"

"పన్నెండేళ్లకి."

"ఆమె గుర్తువట్టిందా?"

"పట్టింది" అన్నాను, ఒక చేత్తో మాసపత్రిక దగ్గరికి లాక్కుంటూ.

ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లాడు. పుస్తకం జంపఖానా మీదే మరిచిపోయాడు. ఇద్దామని నేను వెనకే వెళ్లి కిటికీ దగ్గర ఆగాను. గోడకున్న అవ్వ ఫొటో ముందు నిలబడి ఆయన నవ్వుతున్నాడు. "నువ్వే గెలిచినవ్. ఒచ్చిండు వాడు, పన్నెండేండ్లకు ఒచ్చిండు" అంటున్నాడు. భార్య చేతిలో ఓడిపోయినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పుస్తకం ఇవ్వకుండానే ఇంటికి తెచ్చుకుని, మాసపత్రిక ముట్టుకోకుండా ఆ చివరి పేజీలన్నీ కూర్చుని చదివాను. అతను రాలేదు. ఆమె ఏం చేసిందో చదువుతుంటే నాకు వెక్కిళ్లు వచ్చాయి. రెండేసి పేజీలు తిప్పేస్తూ దాటేసిన ఆ కథలోని ఆమెని నేను నిజంగా కలిసింది అప్పుడే. ఏమైందే అని అమ్మ అడిగితే కడుపునొప్పి అన్నాను.

మర్నాడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని వెళ్లాను. తాత చెట్టు కింద రాలిన ఆకులు ఏరుతున్నాడు. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఆయన్ని చూడగానే ఎటో పోయాయి. "తాతా, నేను పేజీలు ఎగ్గొట్టాను" అని మాత్రం అనగలిగాను.

ఆయన నవ్వాడు. పక్కన కూర్చోమని నేల మీద చెయ్యేసి చూపించాడు. "నాకెరుకే బిడ్డా. నడిమిట్లయి ఆమె సదివినప్పుడే ఇన్న. పిల్లలకు పానమంత ఆట మీదుంటది, దానికేం ఫికర్ జెయ్యకు. నాకు గావాల్సింది ఆఖరుదొక్కటే. గది మాత్రం సక్కగ సదివినవ్ గద?"

చెప్పడానికే వచ్చాను. నోరు తెరిచాను కూడా. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం రవ్వంత కూడా లేదు.

"చదివాను తాతా" అన్నాను.

"శానా మంచిగ సదివినవ్" అని నా తల నిమిరాడు.

ఆయన సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నేను జాలిపడి అనలేదు, భయపడి అన్నాను. బాగా చదివే పిల్ల అన్న పేరు పోతుందని అన్నాను. మధ్య పేజీలు ఎగ్గొట్టానని ఒప్పుకోవడం తేలికే, వాటికి క్షమాపణ ముందే దొరికేసింది. అసలైనదానికి వచ్చేసరికి నోరు పెగల్లేదు.

జూన్‌లో మేం శ్రీనగర్ కాలనీకి మారిపోయాం. అక్కడికీ ఇక్కడికీ ఎంత దూరం? నడిచి వెళ్లొచ్చు. వచ్చే ఆదివారం వెళ్లి చెప్పేద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. ఒకరోజు నాన్న ఆఫీసు నుంచి వస్తూ, మన పాత ఇంటి పక్క తాతగారు పోయారట అని చెప్పారు. నేను అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాను. ఆయనంటే దీనికి ఎంత ప్రేమో అని అమ్మ అందరికీ చెప్పుకుంది.

ఇప్పుడు మళ్లీ అమీర్‌పేటలోనే, మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఎండాకాలం సాయంత్రాలు అపార్ట్‌మెంట్ వెనక నీడలో చాప పరిస్తే, మా మనవలు, పై అంతస్తుల పిల్లలు పుస్తకాలు తెచ్చుకుంటారు. వాళ్లు పైకి చదువుతుంటే నేను వింటాను. మధ్యలో పేజీలు దాటేస్తే నాకు తెలుస్తుంది, ఏమీ అనను. చివరికి వచ్చేసరికి మాత్రం లేచి కూర్చుంటాను. "ఉన్నది ఉన్నట్టు చదవమ్మా" అంటాను. అంత గట్టిగా ఎందుకంటానో వాళ్లకి అర్థం కాదు. అమ్మమ్మకి చాదస్తం అని నవ్వుకుంటారు.

ఒకసారి మా మనవరాలు, నీ చిన్నప్పటి కథ ఏదైనా చెప్పు అంటే, బొంబాయి వెళ్లిన మొగుడి కథ మొదలుపెట్టాను. కుట్టుమిషను, ఉత్తరాలు, వరద, మేకపిల్ల, ఏదీ వదల్లేదు. చివరికొచ్చేసరికి ఆపేశాను. ఆ నాలుగు వారాల పేజీలు నాకు ఈ రోజుకీ వాక్యం వాక్యం గుర్తున్నాయి. ఆమె ఏం చేసిందో మనవరాలికి చెప్పలేదు, ఇక్కడ కూడా రాయను. అది తెలియాల్సిన మనిషి ఒక్కడే, ఆయన నన్ను నోరు తెరిచి అడిగాడు, నేను చెప్పలేదు.